కన్సోల్‌లో ఎర్ర పట్టీ

జూన్ 9, సోమవారం

నా మేజోళ్ళ మీద ఈ ఇంట్లో అందరికీ ఎందుకింత కన్నో నాకు అర్థం కాదు. పొద్దున తొడుక్కుని హాల్లోకి అడుగు పెట్టానో లేదో, కోడలు మొదలుపెట్టేసింది.

"మామయ్యగారూ, మళ్ళీ ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది వేసుకున్నారు."

"కాళ్ళకే వేసుకున్నానమ్మాయ్. ఒకటి చెవికి తగిలించుకోలేదుగా."

"బయట జనం చూస్తారండీ."

"చూడనీ. నడిచేది నేను."

నాకు రెండూ మట్టి రంగే. పుట్టినప్పటి నుంచీ అంతే. ఎరుపు, ఆకుపచ్చ అని జనం రెండు పేర్లు పెట్టుకుని ఎందుకు గొడవపడతారో నాకు ఇప్పటికీ తెలియదు. సైకిలు షాపు నడిపినన్నాళ్ళూ ట్రాఫిక్ లైటు దగ్గర పైది వెలిగితే ఆగాను, కిందది వెలిగితే కదిలాను. ఒక్కసారి కూడా జరిమానా పడలేదు. మా ఆవిడ బతికున్నప్పుడు కొత్త చీర కట్టుకుని "ఈ రంగు ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేవాణ్ణి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడినా దొరికిపోతాను. రంగు అడిగితే "బాగుంది" అనే జాతి మాది.

మేజోళ్ళ గొడవ వస్తే మామూలుగా మా మనవరాలు ముందుకు దూకుతుంది. దాన్ని నేను కందిరీగ అంటాను. మాట అలాగే ఉంటుంది, గుచ్చి వెళ్ళిపోతుంది. ఇవ్వాళ టీ గ్లాసు పట్టుకుని నా పక్క నుంచే వెళ్ళింది. నా కాళ్ళ వంక చూసింది. కుట్టలేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏదో అయింది.

అదే రోజు, సాయంత్రం

అయింది. కోడలు చెప్పింది.

కందిరీగ వాళ్ళ కంపెనీ ఒక డయాలిసిస్ కేంద్రానికి సైటు చేస్తోంది. కిడ్నీలు పాడైన వాళ్ళు ఫోనులోనే మంచం, టైము బుక్ చేసుకుంటారు. పోయిన శుక్రవారం సైటుని కొత్తగా మార్చి పంపారు. శనివారం ఒకే మంచం, ఒకే టైము ఇద్దరికి ఇచ్చేసింది. ఒక ముసలావిడ మధ్యాహ్నమంతా బెంచీ మీదే కూర్చుందట. కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకుని కూర్చుందట. ప్రాణానికి ఏం కాలేదు. అయ్యుంటే అన్న మాట దగ్గర కోడలు ఆగిపోయింది.

పంపే ముందు చూసి సరే అన్నవాడు వాళ్ళ టీమ్ లీడరు. నోరు తెరిస్తే చాలు "యాక్చువల్లీ" అంటాడు కాబట్టి నేను అతణ్ణి యాక్చువల్లీ అంటాను. అతనేమో తప్పు ఉన్నట్టు ఆ అమ్మాయి నాకు చూపించనే లేదు అన్నాడట. ఇదేమో చూపించాను అంటోంది. శుక్రవారం కంపెనీ నడిపే మేడమ్ ఇద్దర్నీ కూర్చోబెట్టి తేలుస్తుంది. ఇద్దరిలో ఎవరు ఉంటారో, ఎవరు పోతారో.

ముందు పనిచేసిన కంపెనీ మూసేశాక ఇది ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది మళ్ళీ చూడాలని నాకు లేదు. అద్దం ముందు కూడా తల దించుకుని దువ్వుకునేది.

జూన్ 10, మంగళవారం

తలుపు కొట్టకుండా దూరాను. కొడితే తియ్యదు.

"ఏం చేస్తున్నావే కందిరీగా?"

"ఉరి వేసుకుంటున్నా. కూర్చో."

"గదిలో కుర్చీయే లేదు, దేని మీద ఎక్కుతావే?"

కొంచెం నవ్వింది. మంచం మీద చోటిచ్చింది. నేను అడక్కుండానే చూపించడం మొదలుపెట్టింది. చెప్పుకోవాలని ఉంది దానికి. వినేవాడికి అర్థం కాకపోతే ఇంకా హాయి.

సైటు పైకి షోకుగా ఉంటుంది. ఒక మీట నొక్కితే కింద ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. దాన్ని కన్సోల్ అంటారట. సైటు లోపల ఏం చేస్తోందో తనలో తాను గొణుక్కునే చోటు అది. రోగులు దాన్ని ఎప్పుడూ చూడరు. చేసేవాళ్ళు చూస్తారు. గొణుగుడంతా సన్నటి అక్షరాల్లో వరసగా పడిపోతూ ఉంటుంది. అందులో మనకి కావలసింది వెతకడమంటే రద్దీ బస్సులో పోయిన చెప్పుని వెతకడమే. అందుకని ఇది తన మాటలకి రంగులు వేసింది. మాట ముందు శాతం గుర్తు, సి అక్షరం పెట్టి, వెనకాల రంగు పేరు రాస్తే, ఆ మాట ఆ రంగు పట్టీలో పడుతుంది.

"చూడు తాతయ్యా. ఇక్కడ రెడ్ అని ఉందా? అందుకే ఎర్ర పట్టీ. కిందది గ్రీన్. మంచం ఖాళీగా ఉంటే ఆకుపచ్చ, ఒకే మంచం ఇద్దరికి పడితే ఎరుపు. రంగు మార్చాలంటే ఈ పేరు మార్చి సేవ్ నొక్కితే చాలు, కిటికీలో అదే మారిపోతుంది."

ఐదో తరగతితో బడి మానేసిన వాణ్ణి. కానీ ఇంగ్లీషు అక్షరాలు సైకిలు టైర్ల మీద చదివి నేర్చుకున్నాను. ఆర్, ఇ, డి. కనిపించింది. పట్టీలే ఒకేలా ఉన్నాయి.

"రెండిట్లోనూ ఒకటే రాశావేం?"

"మంచం నంబరు, టైము. అంతే. మిగతాది రంగే చెప్తుంది. మాటలెందుకు?"

"నాకు రెండూ ఒకటే మట్టే."

"నీకు రంగులు రావుగా తాతయ్యా. ఇది నీకోసం కాదు."

పోయిన శుక్రవారం ఏం జరిగిందో కూడా చెప్పింది. తన స్క్రీన్ యాక్చువల్లీకి చూపిస్తూ పట్టీలు ఒక్కొక్కటే పైకి జరిపింది. మధ్యలో ఎర్రది వచ్చింది. "సార్, చూశారా?" అంది. "చూశా, ఓకే, పంపించు" అన్నాడు. ఇది పంపించింది.

"ఎర్రది ఉంది కదా అని అడగొచ్చుగా?"

"ఆయన చూశానన్నారుగా. ఆయనకి తెలిసే అన్నారేమో అనుకున్నా. కొత్తగా చేరినదాన్ని, నేనేం అడుగుతా?" దిండు ఒళ్ళోకి లాక్కుంది. "ఇప్పుడేమో ఎర్రదే లేదంటున్నారు. నేను తర్వాత రాశానంటున్నారు. ఈ రంగు లైన్లు కేంద్రానికి వెళ్ళకూడదు, పంపే ముందు తీసేస్తాం. కిటికీ మూస్తే అన్నీ చెరిగిపోతాయి. సాక్ష్యం లేదు తాతయ్యా. ఆయన మాట, నా మాట."

"అబద్ధాలకోరా అతను?"

"అదే అర్థం కావట్లేదు. ఇన్నాళ్ళూ మంచివాడే."

జూన్ 11, బుధవారం

కందిరీగ, యాక్చువల్లీ ఫోనులో మాట్లాడుకున్నారు, స్పీకరు పెట్టుకుని. నేను దాని గదిలో పాత ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాను. ఆ ఫ్యాను నిన్ననే తుడిచాను.

ఇది అడిగింది: "సార్, ఎర్ర పట్టీ గురించి..."

"యాక్చువల్లీ, పైనుంచి మూడోది అంటున్నావా?"

"ఎర్రది సార్."

"అదే, ఆ మూడోది. అక్కడ ఏం లేదు. మిగతావాటిలాగే ఉంది."

ఇంకో సైటు బొమ్మ పంపి ఏ రంగు ఉంచమంటారు అని ఇది అడిగితే, "ఎడమవైపుది బాగుంది" అన్నాడు.

తుడుస్తున్న గుడ్డ ఆపేశాను.

మూడోది. ఎడమవైపుది. బాగుంది. మొత్తం ఫోనులో ఒక్క రంగు పేరు చెప్పలేదు. ఎదుటివాళ్ళు చెప్పించాలని చూస్తే పక్కకి తప్పుకున్నాడు, నేను మా ఆవిడ చీరల దగ్గర తప్పుకున్నట్టే.

ఫోను పెట్టాక అన్నాను, "ఏమే, మీ యాక్చువల్లీకి నా జబ్బేమో."

"తాతయ్యా, ప్లీజ్. నాకు జోకులు వినే ఓపిక లేదు."

"జోకు కాదే."

"కంప్యూటర్ల పని చేసేవాడికి రంగులు తెలియకుండా ఉంటాయా? అలా అంటే మేడమ్ నన్ను పిచ్చిదనుకుంటారు. నేను శుక్రవారం మళ్ళీ అదే చూపిస్తా. ఎర్రగా పడుతుంది, ఆవిడే చూస్తుంది. సిద్ధంగా ఉంది. ఇక దాన్ని ముట్టుకోను, ముట్టుకుంటే ఏం చెడిపోతుందో."

ఎర్రగా పడితే ఏం తేలుతుంది? అతను చెప్పేది కూడా అదే కదా, తర్వాత పెట్టిందని. ఈ మాట దానితో అనలేదు. ముందే సగం అయిపోయి ఉంది.

జీవితమంతా అందర్నీ ఏడిపించానుగా. ఇప్పుడు నిజం చెప్తే నమ్మేవాళ్ళు లేరు.

జూన్ 12, గురువారం

ఇవ్వాళ ఏమీ జరగలేదు. నేను కందిరీగ గదిలోకి వెళ్ళలేదు.

జూన్ 13, శుక్రవారం, పొద్దున

టీ సాసర్లోకి ఒలికింది. కోడలు "ధ్యాస ఎక్కడుంది మామయ్యగారూ?" అంది. వయసు అన్నాను. వయసే.

నిన్న నేను ఆ గదిలోకి వెళ్ళలేదు.

కందిరీగ ఇస్త్రీ చొక్కా వేసుకుంది. కెమెరాలో సగమే కనిపిస్తుందని కింద పాత పైజమా ఉంచేసింది. "ఒక్కసారి సరిచూసుకోవా?" అని అడిగాను. "వద్దు తాతయ్యా, మొన్నటి నుంచి ముట్టుకోలేదు, అలాగే ఉండనీ" అంది.

అలాగే ఉండనీ అంది. చెప్పేద్దామనుకున్నాను. సాసర్లో ఒలికిన టీ తాగేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

మొదటి నుంచీ రాస్తాను.

దాన్ని బతిమాలి, కెమెరాకి కనపడకుండా మంచం చివర కూర్చున్నాను. కోడలు గుమ్మంలో నిలబడింది. చేతిలో గరిటె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుంది. స్క్రీన్ మీద రెండు మొహాలు. మేడమ్ అంటే పెద్దావిడేమో అనుకున్నాను, చూస్తే మా కోడలి ఈడే. యాక్చువల్లీని చూడటం ఇదే మొదటిసారి. కుర్రాడే. గడ్డం తీరుగా కత్తిరించుకున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. అతనికీ నిద్ర లేనట్టుంది.

మేడమ్ సూటిగా మొదలుపెట్టింది. "ఆ బెంచీ మీద కూర్చున్నావిడతో నేను మాట్లాడాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇక ఇవ్వాళ నాకు మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియాలి."

"మేడమ్, పోయిన వారం చూపించిందే మళ్ళీ చూపిస్తాను" అంది కందిరీగ. స్క్రీన్ పంచుకుంది. కన్సోల్ తెరిచింది. "ఒకే మంచానికి ఇద్దర్ని బుక్ చేస్తున్నాను. ఇప్పుడు ఎర్ర పట్టీ పడుతుంది, చూడండి సార్."

మీట నొక్కింది.

పట్టీ పడింది. నాకు మట్టి రంగు. పైదీ మట్టి, కిందదీ మట్టి. అది ఏ రంగులో పడిందో ఆ గదిలో చూడలేనివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని కందిరీగ మొహం చూశాను. చెవుల దాకా తెల్లబోయింది. వేలు మీట మీదే ఉండిపోయింది. గుమ్మం దగ్గర గరిటె కింద పడింది.

ఇది ఏదో ఒకటి అనేలోపే యాక్చువల్లీ అందుకున్నాడు.

"యాక్చువల్లీ, అవును. ఎర్రగా ఉంది. క్లియర్‌గా కనిపిస్తోంది. నేను అన్నది కూడా అదే మేడమ్. ఇంత ఎర్రగా ఆ రోజు ఉండుంటే నేను చూసేవాణ్ణి కదా. ఇది తర్వాత పెట్టింది."

మేడమ్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "ఏది ఎర్రగా ఉంది?"

"అదే మేడమ్... ఆ చివరిది."

"చివరిది ఆకుపచ్చగా ఉంది కదా?"

"నాకు నెట్ కొంచెం..."

"నెట్ స్లో అయితే బొమ్మ ఆగుతుంది. రంగు మారుతుందా?"

కందిరీగ కదలకుండా కూర్చుంది. ఒక్కసారి తల తిప్పి చూసింది, నా మొహం కాదు, నా కాళ్ళు. కోడలి లెక్క ప్రకారం ఇవ్వాళ కూడా ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. చాలాసేపు చూసింది. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగినప్పుడు దాని గొంతులో కుట్టే గుణం లేదు. నన్ను మందు మింగమని అడిగే గొంతు అది.

"సార్, నా తప్పు, దీనికి రంగు తప్పు పడింది. సరిచేస్తాను, ఒక్క నిమిషం." టకటకా ఏదో కొట్టింది. "ఇప్పుడు మళ్ళీ బుక్ చేశాను. చివర్న రెండు పట్టీలు ఉన్నాయి. ఆ రెండూ మీకు ఒకేలా కనిపిస్తున్నాయా?"

అతను తల దించుకున్నాడు.

"ఒకేలా ఉన్నాయి" అన్నాడు.

ముందు యాక్చువల్లీ లేదు. ఆ మాట లేకుండా అతను మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"చిన్నప్పటి నుంచీ అంతే. చెప్తే ఈ పని ఇవ్వరని చెప్పలేదు. మాటలు ఉంటే చదువుకుంటాను, ఇన్నేళ్ళూ అలాగే లాక్కొచ్చాను. తను పట్టీలు పెట్టాక... అడగడానికి సిగ్గేసింది. కానీ ఆ రోజు నిజంగా నాకు ఎర్రది కనిపించలేదు. తను అబద్ధం చెప్తోందనే అనుకున్నా. సారీ." ఇది కందిరీగతో.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "నువ్వు ఎర్రది చూసి ఎందుకు ఆపలేదు?" అని దీన్ని అడిగింది.

"ఆయనకి తెలుసనుకున్నా మేడమ్."

"ఆయనేమో అక్కడ తేడా ఉంటే నువ్వు చెప్తావనుకున్నాడు. మధ్యలో ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చుంది." చేతిలో పెన్నుకి మూత పెట్టింది. "ఇద్దరూ ఉంటారు. సోమవారానికి ఆ పట్టీలు మార్చండి. నలుపు తెలుపు కాగితం మీద తీసినా ఏది ఏదో నాకు తెలియాలి. ఇద్దరూ కలిసి చెయ్యండి. తెలియకపోతే తెలియదని నోరు తెరిచి చెప్పండి. అంతే."

ల్యాప్‌టాప్ మూశాక కందిరీగ ఏడ్చింది. కోడలు కింద పడ్డ గరిటె తీసి, ఆ చేత్తోనే దాన్ని దగ్గరికి తీసుకుంది. నేను మళ్ళీ ఫ్యాను తుడవడానికి గుడ్డ అందుకున్నాను.

జూన్ 14, శనివారం

పొద్దున్నుంచి నాకు ఉద్యోగం దొరికింది. కందిరీగ పట్టీ మారుస్తుంది, నేను చూసి చెప్పాలి.

"ఇది?"

"మట్టి."

"ఇది?"

"లావు మట్టి."

"రంగు వదిలెయ్ తాతయ్యా! ఏది ఆపాలో తెలుస్తోందా?"

ఆఖరికి ఆపాల్సినదానికి చుట్టూ మందంగా గీత కొట్టింది. అక్షరాలు లావుగా, పెద్దగా చేసింది. "ఆగు, ఈ మంచం మీద అప్పటికే ఒకరున్నారు" అని రాసింది. సరైనవి సన్నగా, చిన్నగా ఉంచింది. ఈసారి గది అవతలి నుంచి కూడా తెలిసిపోయింది. రంగులు కూడా ఉంచుకుంది, ముచ్చట కొద్దీ.

మధ్యాహ్నం ఆ అబ్బాయి వీడియోలో వచ్చాడు, పని చూడటానికి. చూసి "తెలుస్తోంది" అన్నాడు, రెండుసార్లు. ఆ కేంద్రం వాళ్ళకి ఫోను చేశాడట, ఆ పెద్దావిడకి ఇక నుంచి కిటికీ పక్క మంచం, పొద్దుటి టైము ఖాయం చేయించాడట. తర్వాత కందిరీగ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. నేను ఊరుకుంటానా. రెండు కాళ్ళూ మంచం మీదకి ఎత్తి చూపించాను.

"బాబూ, నిజం చెప్పు. ఇవేం రంగు?"

"మీకేం కనిపిస్తోంది తాతగారూ?"

"మట్టి."

"నాకూ మట్టే."

"చూశావా అమ్మాయ్!" అని వంటింట్లోకి వినపడేలా అరిచాను. "ఇద్దరు మగాళ్ళు చెప్తున్నారు, జత కుదిరింది!"

అతను నవ్వాడు. నవ్వితే వీడూ చిన్నపిల్లాడే. పరువు పోతుందని ఇన్నేళ్ళూ బిగబట్టుకు కూర్చున్నాడు. నా జాతివాడే. అతణ్ణి అందరి ముందూ అలా నిలబెట్టిన సంగతి గుర్తొస్తే లోపల ఇంకా ముల్లు గుచ్చుకుంటోంది.

జూన్ 15, ఆదివారం

అన్నం తింటూ కందిరీగ అంది, "ఆ రోజు ఎర్రది ఆకుపచ్చగా ఎలా పడిందో ఇప్పటికీ తెలియట్లేదమ్మా. కంగారులో నేనే ఏదో కెలికుంటా. నా తప్పే నన్ను కాపాడింది."

"పోనీలే, మంచే జరిగింది" అంది కోడలు.

నేను మజ్జిగ కలుపుకుంటూ కూర్చున్నాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. గురువారం కందిరీగ స్నానానికి వెళ్ళినప్పుడు నేను దాని గదిలోకి వెళ్ళాను. నా అనుమానం తప్పయి, ఆ అబ్బాయికి రంగులు అందరిలాగే కనపడి ఉంటే, మేడమ్ ముందు దాని ఎర్ర పట్టీ ఆకుపచ్చగా పడి, దాని పని అక్కడికక్కడే పోయేది. అది తెలిసే చేశాను. మామూలుగా ఒకర్ని ఏడిపించాక వాళ్ళ మొహం చూసి నవ్వుకుంటాను. ఈసారి ఒక రోజంతా మొహం దాచుకున్నాను. చేసింది సరిగ్గా పడిందో లేదో కంటితో చూసుకునే దారి కూడా లేదు నాకు, పట్టీలు రెండూ అప్పుడూ మట్టే, తర్వాతా మట్టే. వేలు పెట్టి అక్షరాలే కూడబలుక్కున్నాను.

ఆర్, ఇ, డి తీసేశాను. జి, ఆర్, ఇ, ఇ, ఎన్ కొట్టాను. సేవ్ నొక్కింది నేనే.